అమీర్‌పేట ట్రాఫిక్‌లో హీట్, ఓఆర్ఆర్ మీద కూల్: 2004 ఎస్టీమ్‌లో లోపం ఎక్కడ?

మియాపూర్ ఎస్టీమ్:

బండి 2004 మారుతి ఎస్టీమ్ వీఎక్స్ఐ, పెట్రోల్, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ కాదు, ఇంజెక్షన్). ఏసీ పనిచేస్తుంది. గ్యాస్ కిట్ లేదు.

పొద్దున ఆఫీసు టైములో మియాపూర్ నుంచి కూకట్‌పల్లి, ఎర్రగడ్డ మీదుగా వస్తే అమీర్‌పేట చేరేసరికి టెంపరేచర్ ముల్లు సగం దాటి ఎర్ర గీత వైపు పోతోంది. ఏసీ ఆపితే కాస్త దిగుతుంది, కానీ మామూలు చోటికి రాదు. అదే బండి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఏసీ వేసుకుని 90లో ఎంతసేపు పోయినా ముల్లు కదలదు.

ఇప్పటిదాకా జరిగిన పని: కిందటి ఎండాకాలం రేడియేటర్ ఫ్యాన్ మోటార్ కాలిపోతే లోకల్ మోటార్ వేయించాను. అప్పుడే "హీట్ ఎక్కదు" అని థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) కూడా తీసేశారు. రేడియేటర్‌లో కూలెంట్ లేదు, బోరు నీళ్లే. తుప్పు రంగుకు తిరిగాయి. వారానికి దాదాపు అర లీటరు పోయాల్సి వస్తోంది, కానీ పార్కింగ్‌లో కింద మరక కనపడదు. ఇంజన్ ఆయిల్ మామూలుగానే ఉంది.

ఒక మెకానిక్ రేడియేటర్ మార్చాలంటున్నారు, ఇంకొకరు హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీల్) పోయిందంటున్నారు. డబ్బు పెట్టే ముందు ఇంటి దగ్గర ఏమేం చూసుకోవచ్చు? మల్టీమీటర్ ఉంది, వాడటం వచ్చు.

---

తార్నాక స్పానర్:

రేడియేటర్ ఇప్పుడే మార్చకండి. మీరు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది.

నిలబడితే హీట్, పరుగెత్తితే కూల్ అంటే లోపం గాలి వైపు ఉంది. 90లో పోయే బండికి ఎదురుగాలే సరిపోతుంది, ఫ్యాన్ అక్కర్లేదు. సిగ్నల్ దగ్గర మాత్రం మొత్తం భారం ఫ్యాన్ మీదే. లోపల నీళ్ల దారి మూసుకుపోయినా, వాటర్ పంపు రెక్కలు తుప్పుపట్టి అరిగిపోయినా కథ తిరగబడేది: ట్రాఫిక్‌లో ఎలాగో నెట్టుకొచ్చి, హైవే మీద ఇంజన్ లోడు పెరిగినప్పుడు ముల్లు లేచేది. మీ రేడియేటర్ ఓఆర్ఆర్ మీద ఏసీతో సహా వేడిని దింపుతోంది కాబట్టి అది పూర్తిగా పూడుకుపోలేదు.

ఈ వరుసలో చూడండి.

ముందు ఫ్యాన్ అసలు వస్తోందా, ఎప్పుడు వస్తోంది? బండి నిలబెట్టి, ఏసీ ఆపి, ఐడిల్‌లో వదిలేయండి. ముల్లు సగం దాటేలోపు ఫ్యాన్ తనంతట తాను రావాలి, కాసేపటికి ఆగాలి, మళ్లీ రావాలి. రాకపోతే ఫ్యూజు, రిలే, సెన్సార్ చూడాలి. పాత కార్బురేటర్ బండ్లలో రెండు వైర్ల థర్మో స్విచ్ ఉంటుంది. ఆ రెండు వైర్లను చిన్న వైరు ముక్కతో కలిపితే ఫ్యాన్ తిరగాలి. తిరిగితే స్విచ్ పోయినట్టు. ఎంపీఎఫ్ఐ బండ్లలో చాలావాటికి కూలెంట్ సెన్సార్ ప్లగ్ తీసి ఇగ్నిషన్ ఆన్ చేస్తే, సెన్సార్ పోయిందనుకుని ఈసీఎం (ఇంజన్ కంప్యూటర్) ఫ్యాన్‌ను తిప్పేస్తుంది. తర్వాత చెక్ ఇంజన్ లైటు వెలిగితే కంగారు పడకండి, ప్లగ్ పెట్టి కోడ్ చెరిపేస్తే పోతుంది.

వస్తోంది సరే, తగినంత జోరుగా తిరుగుతోందా? ఫ్యాన్ నడుస్తుండగా కనెక్టర్ వెనక నుంచి ప్రోబ్‌లు గుచ్చి వోల్టేజ్ చూడండి. అదే సమయంలో బ్యాటరీ టెర్మినళ్ల దగ్గరా చూడండి. రెండింటికీ తేడా అర వోల్టు మించకూడదు. ఒకటిన్నర, రెండు వోల్టులు పోతుంటే కాలిన రిలే కాంటాక్టులో, నల్లబడిన కనెక్టర్ పిన్నో, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టో మింగేస్తోందన్న మాట. ఇరవై ఏళ్ల బండిలో ముందు ఎర్త్ బోల్టునే అనుమానించాలి. విప్పి, బాడీ రేకు మెరిసేదాకా గీకి, మళ్లీ బిగించండి.

ఇక మూడోది, మీ విషయంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. మోటార్ మార్చాక ఫ్యాన్ సరైన దిక్కుకే తిరుగుతోందా? డీసీ మోటార్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే అది ఉల్టా తిరుగుతుంది. చప్పుడు మామూలుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. రేడియేటర్ వెనక ఉన్న ఫ్యాన్ ముందు నుంచి గాలిని ఇంజన్ వైపు లాగాలి. ఉల్టా తిరిగితే ఇంజన్ దగ్గరి వేడిగాలినే రేడియేటర్ మీదికి తోస్తుంది. పరీక్ష సులువు: ఏసీ ఆపి, కండెన్సర్‌కు (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీకి) వేరే ఫ్యాన్ ఉంటే దాని ప్లగ్ తీసి, రేడియేటర్ ఫ్యాన్ ఒక్కదాన్నే తిప్పండి. ముందు గ్రిల్ లోంచి, ఆ ఫ్యాన్‌కు ఎదురుగా ఒక న్యూస్‌పేపర్ కాగితం పెట్టండి. అతుక్కుని నిలిస్తే సరే. ఎగిరి మీ వైపు వస్తే మోటార్ ఉల్టా. అటూ ఇటూ కాకుండా జారి పడిపోతే గాలి చాలడం లేదు.

రెక్కను తిరగేసి బిగించడం ఇంకో రకం తప్పు. దాని వల్ల గాలి దిక్కు మారదు గానీ జోరు బాగా తగ్గుతుంది. రెక్కల వంపు చూస్తే తెలిసిపోతుంది.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ ష్రౌడ్ కూడా ఉందో లేదో చూడండి. మోటార్ మార్చేటప్పుడు అడ్డం వస్తోందని తీసి పక్కన పడేస్తుంటారు. అది లేకపోతే ఫ్యాన్ తన ముందున్న గుండ్రటి భాగం లోంచే గాలి లాగుతుంది, మూలలు వేడిగానే ఉండిపోతాయి.

చివరగా కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు. టార్చి వేసి పైనుంచి చూడండి. వేపపూత, దుమ్ము, పురుగులు, ప్లాస్టిక్ కవర్ ముక్కలు అక్కడే చేరతాయి. బయటి నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగా కనిపిస్తుంది, వెనక మాత్రం దుప్పటి కప్పినట్టుంటుంది. మామూలు గార్డెన్ పైపుతో, ఇంజన్ వైపు నుంచి ముందుకు కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెడితే ఫిన్స్ (జాలీలోని సన్న రేకులు) పడుకుంటాయి, అప్పుడు నిజంగానే రేడియేటర్ మార్చాలి.

జాగ్రత్త: ఫ్యాన్ దగ్గర చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేయండి. అది ఎప్పుడైనా తిరగొచ్చు.

---

రాంనగర్ గరం బండి:

అన్నా, స్పానర్ అన్న గాలి సంగతి చెప్పిండు. నేను నీళ్లది, థర్మోస్టాట్‌ది చెప్త.

థర్మోస్టాట్ తీసేసుడు మన దగ్గర పెద్ద అలవాటు. ఇరుక్కుపోయిన థర్మోస్టాట్ తీస్తే ఆ రోజుకు హీట్ తగ్గుతది, గందుకే అది మందు అనుకుంటరు. కానీ అది లేకుంటే ఇంజన్ తన వేడికి రానీకె చాన టైం తీసుకుంటది. ఇంజన్ ఇంకా చల్లగనే ఉందనుకొని ఈసీఎం పెట్రోల్ ఎక్కువ ఇస్తది. మైలేజ్ పోతది, ప్లగ్గులు నల్లగైతయ్, ఆయిల్‌ల చెమ్మ ఆవిరి కాకుండ ఉండిపోతది. మళ్ల పెట్టించు.

కొత్తది తెచ్చినా పెట్టే ముందు పరీక్ష చేయి. గిన్నెల నీళ్లు పోసి, థర్మోస్టాట్‌ను దారంతో వేలాడదీయి, అడుగుకు తగలొద్దు. థర్మామీటర్ పెట్టి స్టవ్ మీద వేడి చేయి. దాని మీద 82 అని కొట్టి ఉంటే ఆ చుట్టుపక్కల నోరు తెరుచుడు మొదలు కావాలె, 95 దాకా పూర్తిగ తెరవాలె, వాల్వ్ 8 ఎంఎం లేవాలె. మన ఊరు సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తుల ఉంది, ఇక్కడ నీళ్లు 98 దగ్గరనే మరుగుతయ్. అందుకే మరిగేదాక ఆగకు, థర్మామీటర్ చూసుకుంట పో. పెట్టేటప్పుడు అంచు మీదున్న చిన్న గాలి రంధ్రం పైవైపుకు రావాలె, లేకుంటే గాలి కిందనే ఇరుక్కుంటది.

ఇగ బోరు నీళ్లు. హైదరాబాద్ మొత్తం రాతి నేల, బోరు నీళ్లల్ల సున్నం జాస్తి. బకెట్లకు, గీజర్ రాడ్‌కు పట్టే తెల్ల పొరనే ఇంజన్ లోపల వేడి గోడల మీద పడుతది. ఆ పొర వేడిని నీళ్లల్లకు పోనియ్యదు. పైగ ఎస్టీమ్ ఇంజన్ అల్యూమినియం. కూలెంట్ లేని నీళ్లు దాన్ని తింటనే ఉంటయ్. ఇంజన్ నీళ్ల దారి రంధ్రాలను మూసే డమ్మీ ప్లగ్గులు ఉక్కువి, నువ్వు చూసే తుప్పు రంగుల వాటిది కూడ ఉండొచ్చు. వాటి చుట్టూ తడి ఉందా అని టార్చి వేసి చూడు.

చాన మంది అనుకుంటరు, మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకని. మంచు కోసం కాదన్నా, తుప్పు పట్టకుండ, పంపు సీల్ పాడు కాకుండ. అందుల ఉండే మందే అసలు సరుకు. 33 శాతం కన్న తక్కువ కలిపితే ఆ మందు సరిపోదు. అట్లని ఉత్త కాన్సంట్రేట్ పోయొద్దు. గ్లైకాల్ నీళ్ల కన్న వేడిని తక్కువ మోస్తది. 40 నుంచి 50 శాతం మంచిగ సరిపోతది. డబ్బా మీద ఐఎస్ 5759 గాని జేఐఎస్ కె 2234 గాని ఉందా చూడు. పచ్చ, ఎర్ర, నీలం అనే రంగు కంపెనీ వేసుకునే రంగే, రంగు ఒకటైతే మందు ఒకటే అనుకోకు. రెండు రకాలు కలపకు.

నీళ్లు బ్యాటరీ షాపుల దొరికే డీఎం వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) వాడు. గల్లీల అమ్మే 20 లీటర్ల క్యాన్ నీళ్లు బోరు కన్న నయం, కానీ అది డీఎం వాటర్ కాదు.

ఇంకొక మాట. రేడియేటర్ కారుతుంటే పసుపు వేయమని ఎవరన్న చెప్తరు. వేయకు. అది కారే రంధ్రాన్ని ఎట్ల మూస్తదో, రేడియేటర్ సన్న గొట్టాలను, హీటర్ కోర్‌ను (కారు లోపలి హీటర్‌కు ఉండే చిన్న రేడియేటర్) అట్లనే మూస్తది. కడిగినా పోదు.

---

మియాపూర్ ఎస్టీమ్:

ఇద్దరికీ థాంక్స్ అన్నా. చూసినవి రాస్తున్నాను.

ఫ్యాన్ తనంతట తానే వస్తోంది. కనెక్టర్ దగ్గర 13.4, బ్యాటరీ దగ్గర 13.8. ష్రౌడ్ ఉంది. కాగితం మాత్రం గ్రిల్‌కు అతుక్కోవడం లేదు, ముందుకు వచ్చి పడుతోంది. కండెన్సర్ ఫ్యాన్ ప్లగ్ తీసే చూశాను. చెయ్యి పెట్టి చూస్తే గ్రిల్ లోంచి బయటికి వేడిగాలి కొడుతోంది.

రేడియేటర్ మూత రబ్బరు గట్టిపడి పగుళ్లు వచ్చాయి. పొద్దున చల్లటి ఇంజన్ చూస్తే పై హోస్ నొక్కుకుపోయి చప్పిడిగా ఉంది. ఇది కూడా గాలి వల్లేనా? నీళ్లు తగ్గడానికి హెడ్ గ్యాస్కెట్ కారణం కాదని ఎలా తేల్చుకోవాలి?

---

గేజ్ చూడు:

కాగితం ముందుకు వచ్చిందంటే మోటార్ ఉల్టా తిరుగుతోంది, అనుమానం లేదు. వోల్టేజ్ బాగుంది కాబట్టి వైరింగ్ జోలికి పోనక్కర్లేదు. మోటార్ వైపు కనెక్టర్‌లో రెండు పిన్నుల్నీ సన్న స్క్రూడ్రైవర్‌తో బయటికి లాగి, ఒకదాని చోట ఒకటి పెట్టండి. వైరు కోసి టేపు చుట్టే పద్ధతి వద్దు, ఆ జాయింటే రేపు కాలుతుంది. మార్చాక కాగితం పరీక్ష మళ్లీ చేయండి. ఒకటే జాగ్రత్త: కొన్ని లోకల్ మోటార్లతో వచ్చే రెక్కే ఎదురు వంపుది ఉంటుంది. మోటార్ తిరిగే దిక్కు మార్చాక కాగితం అతుక్కున్నా పట్టు మరీ బలహీనంగా ఉంటే రెక్కను కంపెనీ రెక్కతో పోల్చి చూడండి.

పై హోస్ నొక్కుకుపోవడం వేరే సమస్య, అది మూతది. మూతలో రెండు వాల్వులుంటాయి. పెద్దది ప్రెషర్ పట్టి ఉంచుతుంది, హద్దు దాటితే రేడియేటర్ పక్కనుండే కూలెంట్ బాటిల్‌లోకి వదులుతుంది. మధ్యలో ఉన్న చిన్నది, ఇంజన్ చల్లారి నీళ్లు కుంచించుకున్నప్పుడు బాటిల్‌లోంచి వెనక్కి తీసుకుంటుంది. చిన్న వాల్వ్ బిగుసుకుంటే నీళ్లు వెనక్కి రావు, లోపల వాక్యూమ్ ఏర్పడి హోస్ పీల్చుకుపోతుంది. బాటిల్‌కు పోయే సన్న పైపు మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, దాన్ని ఊది చూడండి.

మీ అర లీటరు ఎటు పోతోందో కూడా దీంతో అర్థమవుతుంది. రబ్బరు పగిలిన మూత ప్రెషర్ నిలపదు. 0.9 బార్ నిలిపే మూత ఉంటే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. ప్రెషర్ లేకపోతే మన ఊళ్లో 98కే మరుగుతాయి. అంటే అమీర్‌పేట సిగ్నల్ దగ్గర మీ నీళ్లు రేడియేటర్‌లోంచి బాటిల్‌లోకి, బాటిల్ పైపు లోంచి ఆవిరిగా రోడ్డు మీదికి పోతున్నాయి. పార్కింగ్‌లో మరక ఎందుకు పడుతుంది? మూత కొనేటప్పుడు పాత మూత మీదున్న అంకె, మెడ లోతు రెండూ సరిపోవాలి. రాణీగంజ్‌లో కొనేట్టయితే పాతది చేత్తో పట్టుకుని వెళ్లండి. ఎక్కువ ప్రెషర్ మూత వేస్తే ఇంకా మంచిదనుకోకండి, ఇరవై ఏళ్ల హోస్‌లు తట్టుకోవు.

ఇక హెడ్ గ్యాస్కెట్. ఎవరి మాట మీదా దాన్ని విప్పించకండి, ముందు ఇవి చూడండి.

పొద్దున పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, నీళ్లు మెడ దాకా నింపి, స్టార్ట్ చేయండి. మొదట్లో నాలుగైదు బుడగలు వస్తే అది లోపల చిక్కిన గాలి. ఇంజన్ వేడెక్కకముందే బుడగలు ఆగకుండా, యాక్సిలరేటర్ ఇచ్చినకొద్దీ ఎక్కువగా వస్తే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి వస్తోంది.

మూత పెట్టి చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, పై హోస్ పట్టుకోండి. నిమిషం రెండు నిమిషాల్లోనే, ఇంకా వేడెక్కకుండానే హోస్ రాయిలా గట్టిపడితే అదీ అదే సంకేతం. వేడెక్కాక గట్టిపడటం మామూలే.

నమ్మకమైన పరీక్ష బ్లాక్ టెస్టర్. రేడియేటర్ మెడ మీద గాజు గొట్టం పెట్టి, నీలం ద్రవం లోంచి అక్కడి గాలిని లాగుతారు. ఎగ్జాస్ట్ గ్యాస్ ఉంటే నీలం పసుపు పచ్చగా మారుతుంది. దీంతో పాటు ప్రెషర్ టెస్టర్ ఉన్న గ్యారేజీ అయితే 0.9 బార్ దాకా పంపు కొట్టి పది నిమిషాలు వదిలేయమనండి. ముల్లు దిగకపోతే లీకు లేదు. దిగితే హోస్ క్లిప్పుల దగ్గర, పంపు కింద ఉండే వీప్ హోల్ (సీల్ పోతే నీళ్లు కారే చిన్న రంధ్రం) దగ్గర, ముందు సీటు కార్పెట్ కింద తడి చూడండి. కార్పెట్ తడిస్తే హీటర్ కోర్. కంప్రెషన్ కొలిస్తే సిలిండర్ల మధ్య తేడా చదరపు సెంటీమీటరుకు 1 కిలో మించకూడదు. పక్కపక్క సిలిండర్లు రెండూ పడిపోతే వాటి మధ్య గ్యాస్కెట్ పోయినట్టు.

ఒకవేళ నిజంగానే హెడ్ దించాల్సి వస్తే స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్ పెట్టి చూడకుండా తిరిగి బిగించనివ్వకండి. 0.05 ఎంఎం కన్నా ఎక్కువ వంపు ఉంటే మెషిన్ షాపుకు పోవాల్సిందే.

---

మియాపూర్ ఎస్టీమ్:

పిన్నులు మార్చాను. ఇప్పుడు కాగితం గట్టిగా అతుక్కుంటోంది. చల్లటి ఇంజన్‌లో బుడగలు ఆగిపోయాయి, హోస్ కూడా మెత్తగానే ఉంది. కొత్త మూత, థర్మోస్టాట్, కూలెంట్ కొంటున్నాను. ఫ్లష్ ఇంట్లో చేసుకోవచ్చా? వాటర్ పంపు కూడా ఇప్పుడే మార్చేయాలా?

---

తార్నాక స్పానర్:

చేసుకోవచ్చు. థర్మోస్టాట్ చివర్లో వేయండి, అది లేనప్పుడే నీళ్లు బాగా తిరుగుతాయి.

ఇంజన్ పూర్తిగా చల్లారాక కింది డ్రెయిన్ తీసి వదలండి. హీటర్ నాబ్ పూర్తిగా వేడి వైపు తిప్పండి, లేకపోతే హీటర్ కోర్‌లోని మురికి అక్కడే ఉంటుంది. శుభ్రమైన నీళ్లు, రేడియేటర్ ఫ్లష్ పోసి, డబ్బా మీద రాసినంతసేపు ఐడిల్‌లో నడిపి, చల్లార్చి, వదలండి. నీళ్లు తేటగా వచ్చేదాకా మామూలు నీళ్లతో అదే పని. ఆఖరు విడత డీఎం వాటర్‌తో. వేడి ఇంజన్‌లో చల్లనీళ్లు మాత్రం ఎప్పుడూ పోయకండి. బాత్రూం యాసిడ్ వాడమని ఎవరైనా అంటే వినకండి, అది సున్నంతో పాటు అల్యూమినియంనూ తింటుంది.

ఇక్కడ చాలామంది లెక్క తప్పుతారు. డ్రెయిన్ తీసినా ఇంజన్ బ్లాక్‌లో లీటరుకు పైగా నీళ్లు మిగిలే ఉంటాయి. ఆ మీద రెడీమిక్స్ (నీళ్లు ముందే కలిపి అమ్మే కూలెంట్) పోస్తే పలచబడిపోతుంది. అందుకే కాన్సంట్రేట్ కొనండి. మాన్యువల్‌లో మొత్తం కెపాసిటీ 4.5 లీటర్లు అని ఉందనుకోండి, 40 శాతానికి 1.8 లీటర్ల కాన్సంట్రేట్ ముందు పోసేసి, మిగతాది డీఎం వాటర్‌తో నింపాలి.

గాలి తీయడానికి బండి ముందుభాగం ఎత్తుగా ఉండేలా సెల్లార్ ర్యాంపు మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు ఇటుకలు పెట్టి నిలపండి. మూత తీసి, హీటర్ వేడి మీదే ఉంచి, నెమ్మదిగా నింపండి. ఐడిల్‌లో నడుపుతూ పై హోస్‌ను మధ్యమధ్య పిసకండి. థర్మోస్టాట్ తెరుచుకోగానే హోస్ ఒక్కసారిగా వేడెక్కి మట్టం పడిపోతుంది, అప్పుడు ఇంకొంచెం పోయండి. బుడగలు ఆగాక, ఫ్యాన్ రెండుసార్లు వచ్చి ఆగాక మూత బిగించండి. బాటిల్ రెండు గీతల మధ్య ఉంచండి. మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు మూత తీసి చూస్తే మెడ దాకా ఉండాలి.

పంపు: బెల్టు తీసి పుల్లీని చేత్తో ఊపి చూడండి. ఆట ఉన్నా, గరగరమన్నా, వీప్ హోల్ కింద తడి గానీ కారిన చార గానీ ఉన్నా మార్చాలి. లేకపోతే టైమింగ్ బెల్ట్ గడువు దాకా ఆగండి. పంపు విప్పాలంటే ఆ బెల్టు ఎలాగూ విప్పాలి, రెండూ ఒకే లేబర్‌లో అయిపోతాయి. బయటి బెల్టు బిగువు మాత్రం ఇప్పుడే చూడండి. పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే 6 నుంచి 9 ఎంఎం దిగాలి.

---

రాంనగర్ గరం బండి:

పాత నీళ్లు, ఫ్లష్ నీళ్లు మోరీల పారబోయకు అన్నా, డబ్బాల పట్టి గ్యారేజీల ఇయ్యి. కొత్త కూలెంట్ పోసేటప్పుడు నేల మీద పడితే వెంటనే మంచిగ నీళ్లు కొట్టి కడుగు. గ్లైకాల్ తియ్యగ ఉంటది, గల్లీ కుక్కలు, పిల్లులు నాకుతయ్. కొంచెం లోపటికి పోయినా కిడ్నీలు పోయి చస్తయ్. మిగిలిన డబ్బా మూత గట్టిగ పెట్టి పిల్లలకు అందకుండ పైన పెట్టు.

---

గేజ్ చూడు:

పని పూర్తయ్యేదాకా ట్రాఫిక్‌లో ముల్లు లేస్తే: ఏసీ ఆపండి, కిటికీలు దించండి, హీటర్ పూర్తి వేడి మీద, బ్లోవర్ ఫుల్. హీటర్ కోర్ కూడా చిన్న రేడియేటరే. ఐడిల్‌ను 1500 దాకా లేపితే పంపు జోరు పెరుగుతుంది. ముల్లు ఎర్ర గీత తాకితే మాత్రం పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి, ముప్పావు గంట దాకా మూత ముట్టుకోకండి.

అంతా అయ్యాక ఒక మిట్టమధ్యాహ్నం ఏసీ ఫుల్ పెట్టి, బండి నిలబెట్టి, ఇరవై నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ముల్లు ఎక్కడ ఆగిందో ఇక్కడ రాయండి. అప్పటికీ లేస్తే ఫ్యాన్ ఆపి, వేడి రేడియేటర్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో అడుగడుగూ కొలవండి. చుట్టూ వేడిగా ఉండి ఒక్క పట్టీ చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు పూడుకుపోయాయి. ఇత్తడి రేడియేటర్ అయితే ట్యాంకులు ఊడదీసి రాడింగ్ (గొట్టాల్లో సన్న కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించవచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు, అల్యూమినియం కోర్ అయితే కొత్తదే కొనాలి.